వెన్ టె చౌ దారిలో ఒక వరద, ఒక కాలువ: చేత్తో లెక్క కట్టుకునే విధానం

సివిల్ చదివినవారికి చౌ అంటే కాలువల ప్రవాహం మీద ఒక లావుపాటి పుస్తకం. అందులో మ్యానింగ్ ఎన్ (కాలువ గరుకుదనాన్ని చెప్పే అంకె) పట్టిక ఉన్న పేజీలను జిరాక్స్ తీయించుకుని మిగతాది అటకెక్కించేవాళ్లే ఎక్కువ. పట్టిక పనికొస్తుంది, కాదనలేం. కానీ చౌ చేసిన పెద్ద పని వేరే ఉంది. ఎవరికి వారు తలోదారిలో వాడుతున్న సూత్రాలను ఆయన ఒక రూపంలోకి తెచ్చారు. ఏ సంఖ్యను కదిలిస్తే జవాబు ఎంత కదులుతుందో అందరికీ కనబడేలా చేశారు. అది ఒంటబట్టాలంటే రెండు లెక్కలు స్వయంగా చేసి చూడాలి: ఒక నదికి నూరేళ్ల వరద, ఒక కాలువలో నీటి మట్టం. కాగితం, సైంటిఫిక్ క్యాలిక్యులేటర్, ఓ పూట తీరిక ఉంటే చాలు. ఎక్సెల్‌లోకి తర్వాత ఎక్కించుకోవచ్చు.

ముందు మనిషి గురించి నాలుగు మాటలు. చౌ 1919లో చైనాలోని హాంగ్‌ఝౌలో పుట్టారు. 1940లో చియావ్ తుంగ్ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నారు. యుద్ధం ముగిశాక అమెరికా వెళ్లి 1948లో పెన్సిల్వేనియా స్టేట్‌లో మాస్టర్స్, 1950లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పూర్తి చేశారు. ఆ తర్వాత 1981లో కన్నుమూసేదాకా ఇల్లినాయ్‌లోనే పాఠం చెప్పారు. కాలువల పుస్తకం 1959లో వచ్చింది. హైడ్రాలజీ చేతిపుస్తకం ఆయన సంపాదకత్వంలో 1964లో వచ్చింది. 1973లో అమెరికా జాతీయ ఇంజనీరింగ్ అకాడమీ సభ్యులయ్యారు. అంతర్జాతీయ జలవనరుల సంఘానికి తొలి అధ్యక్షుడూ ఆయనే.

మొదటి లెక్క: నూరేళ్ల వరద

1951లో చౌ ఒక చిన్న సమీకరణం ప్రకటించారు. వరదలు ఎంత తరచుగా ఎంత పెద్దవి వస్తాయో చెప్పే గణిత నమూనాను పంపిణీ అంటారు. అప్పటిదాకా ఒకరు గంబెల్ పద్ధతి అంటే ఇంకొకరు లాగ్ నార్మల్ అనేవారు, దేని గ్రాఫు కాగితం దానిదే. చౌ అన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చారు:

కావలసిన వరద = సగటు + కె × ప్రామాణిక విచలనం

కె పేరు ఫ్రీక్వెన్సీ ఫ్యాక్టర్. మీరు ఏ పంపిణీని నమ్మినా సగటు, విచలనం మారవు, కె ఒక్కటే మారుతుంది. కాబట్టి రెండు పద్ధతుల మధ్య గొడవంతా రెండు కె విలువల మధ్య తేడాగా తేలిపోతుంది.

డేటా ఇలా తీయండి. ఒక్కో నీటి సంవత్సరానికి ఒకే ఒక్క గరిష్ఠ ప్రవాహం రాయాలి. మన దగ్గర నీటి సంవత్సరం జూన్‌తో మొదలవుతుంది, అమెరికాలో అక్టోబరు 1తో. క్యాలెండరు సంవత్సరం పట్టుకుంటే, డిసెంబరు చివర మొదలై జనవరిలోకి పాకిన ఒకే వరద రెండు సంవత్సరాల పద్దులో పడే ప్రమాదం ఉంది. మధ్యలో ఎగువన ఆనకట్ట కట్టి ఉంటే, కట్టకముందు అంకెలనూ కట్టాక వచ్చిన అంకెలనూ కలపకండి. అవి ఇక ఒకే నది అంకెలు కావు.

అభ్యాసానికి పదేళ్ల అంకెలు తీసుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్నవే, ఏ నదివీ కావు. క్యూమెక్కుల్లో (సెకనుకు ఘనపు మీటర్లు): 420, 610, 380, 950, 540, 470, 720, 300, 830, 580.

మొత్తం 5,800, సగటు 580. ప్రతి అంకెలోంచి 580 తీసి, వచ్చినదాన్ని వర్గం చేసి కూడితే 3,77,600. దీన్ని 9తో భాగించి వర్గమూలం తీస్తే విచలనం 204.8. పదితో భాగిస్తే 194.3 వస్తుంది, అది తప్పు. చేతిలో ఉన్నది నమూనా కనుక ఒకటి తగ్గించే భాగించాలి. క్యాలిక్యులేటర్‌లో ఈ రెంటికీ వేరువేరు మీటలు పక్కపక్కనే ఉంటాయి, చూసి నొక్కండి.

ఇప్పుడు గంబెల్‌కు కె. టి ఏళ్ల రిటర్న్ పీరియడ్‌కు (సగటున ఎన్నేళ్లకోసారి ఆ వరద వస్తుందో ఆ వ్యవధి), టి ని (టి − 1)తో భాగించి సహజ లాగ్ తీయండి. వచ్చినదానికి మళ్లీ సహజ లాగ్ తీయండి. దానికి 0.5772 కలిపి −0.7797తో గుణించండి. నూరేళ్లకు 100 ÷ 99 లాగ్ 0.01005, దాని లాగ్ −4.600, 0.5772 కలిపితే −4.023, చివరికి కె 3.137. ఇలాగే పదేళ్లకు 1.305, పాతికేళ్లకు 2.044, యాభై ఏళ్లకు 2.592 వస్తాయి. రెండేళ్లకు −0.164 వచ్చిందంటే కంగారు పడకండి. గంబెల్‌లో సగటు వరద రిటర్న్ పీరియడ్ 2.33 ఏళ్లు, అంతకంటే తక్కువకు కె రుణాత్మకమే.

నూరేళ్ల వరద = 580 + 3.137 × 204.8 = సుమారు 1,222 క్యూమెక్కులు.

అంతటితో కలం మూసేస్తే తప్పు. ఈ 3.137 అనంతమైన రికార్డుకు వర్తించే కె. మన దగ్గర ఉన్నది పదేళ్లే. తక్కువ ఏళ్ల రికార్డుకు గంబెల్ ఇచ్చిన సవరణ పట్టికలో పదికి ఎదురుగా 0.4952, 0.9496 అనే రెండు సంఖ్యలుంటాయి. 4.600 లోంచి మొదటిది తీసి రెండోదానితో భాగిస్తే కె 4.323. వరద 1,465కు పోతుంది, అంటే 240 క్యూమెక్కులకు పైగా ఎక్కువ. ఇరవై ఏళ్ల రికార్డుకు ఈ కె 3.84, యాభై ఏళ్లకు 3.49. రికార్డు పెరిగేకొద్దీ 3.137 వైపు దిగుతూ ఉంటుంది. పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే: ప్రశ్నలో ‘పదేళ్ల డేటా’ అని ఉన్నా చేతికి అలవాటైన 3.137 వేసేస్తారు.

పంపిణీ మారిస్తే ఏమవుతుందో కూడా చూడండి. నార్మల్ అనుకుంటే కె 2.326, వరద 1,056. లాగ్ నార్మల్‌కు ముందు విచలనాన్ని సగటుతో భాగించండి, 0.353 వస్తుంది. దాని వర్గానికి 1 కలిపి లాగ్ తీస్తే 0.1175, వర్గమూలం 0.343. లాగ్‌ల సగటు 6.304. 6.304 + 2.326 × 0.343కు యాంటీలాగ్ తీస్తే 1,214. గంబెల్ 1,222 ఎక్కడ, ఇది ఎక్కడ? పక్కపక్కనే. కాకతాళీయం కాదు. విచలనాన్ని సగటుతో భాగిస్తే 0.364, స్క్యూ (అంకెలు ఒక పక్కకు ఎంత ఒరిగాయో చెప్పే కొలత) 1.139 ఉన్నప్పుడు లాగ్ నార్మల్, గంబెల్ దాదాపు ఒక్కటే అవుతాయని చౌ చూపించారు. మన 0.353 దానికి దగ్గర్లోనే ఉంది. మీ నదికి ఈ నిష్పత్తి 0.8 లాంటిది వస్తే మాత్రం రెండు జవాబులూ బాగా విడిపోతాయి. అప్పుడు ఏది వాడారో, ఎందుకు వాడారో రిపోర్టులో రాయాల్సిందే. అమెరికాలో 1967 నుంచి లాగ్ పియర్సన్ మూడో రకం అధికారిక పద్ధతి. అందులోనూ సూత్రం ఇదే, లాగ్‌ల మీద వేస్తారు, కె స్క్యూను బట్టి పట్టికలోంచి వస్తుంది. సహజ లాగ్‌తో మొదలుపెట్టి పది ఆధారంగా యాంటీలాగ్ తీసేవాళ్లు కనబడుతూనే ఉంటారు. సగటు వరద సరిపోలుతుందో లేదో చూసుకుంటే ఆ తప్పు వెంటనే బయటపడుతుంది.

జవాబు మీద ఎంత నమ్మకం ఉంచవచ్చు? కె ను 1.3తో గుణించి, కె వర్గాన్ని 1.1తో గుణించి, ఆ రెంటినీ కూడి, దానికి 1 కలిపి వర్గమూలం తీయండి. 4.323కు అది 5.21. దాన్ని విచలనంతో గుణించి పది వర్గమూలంతో భాగిస్తే ప్రామాణిక దోషం 338. 95 శాతం హద్దులకు 1.96 రెట్లు, అంటే 662 ఇటూ అటూ. మన నూరేళ్ల వరద 803కూ 2,127కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చన్నమాట. పదేళ్ల రికార్డుతో నూరేళ్లు అంచనా కట్టడం ఎంత దుస్సాహసమో ఈ రెండంకెలే చెబుతాయి. పదేళ్ల డేటా చేతిలో ఉంటే ఇరవై, పాతికేళ్ల వరద దాకా ధైర్యంగా చెప్పవచ్చు. ఆ పైన పరివాహక ప్రాంతం వాన నుంచి యూనిట్ హైడ్రోగ్రాఫ్ (నిర్ణీత వానకు నదిలో ప్రవాహం కాలంతో ఎలా మారుతుందో చూపే గీత) కట్టి సరిచూడండి.

ఇంకో సంగతి. నూరేళ్ల వరదంటే నూరేళ్లకోసారి వచ్చేది అనుకుంటే కొంప మునుగుతుంది. ఏటా వచ్చే అవకాశం నూటికి ఒకటి. యాభై ఏళ్లు నిలబడే వంతెనకు ఒక్కసారైనా ఎదురయ్యే అవకాశం 1 − (0.99 యాభయ్యో ఘాతం), అంటే 39.5 శాతం. 2009 అక్టోబరులో శ్రీశైలానికి డిజైన్ వరద 19 లక్షల క్యూసెక్కులైతే వచ్చింది 25 లక్షలకు పైనే. లెక్కకు దొరకని వరద వచ్చినప్పుడు రికార్డులోంచి దాన్ని ‘అసాధారణం’ అని తీసేయాలనిపిస్తుంది. తీయకండి. తీసి ఒకసారి, ఉంచి ఒకసారి చేసి రెండు జవాబులూ చూపించండి.

వాన నుంచి వరద ఎలా పుడుతుందో చౌ కాగితానికే వదల్లేదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఉన్న అర్బానాలో ఆయన కట్టించిన ప్రయోగశాలలో 40 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు ఉన్న నేల మీద పైనుంచి సన్న గొట్టాల ద్వారా చినుకులు రాలేవి. ఏ గడి మీద ఎప్పుడు ఎంత కురవాలో నియంత్రించగలిగేవారు, తుపాను ఎగువ నుంచి దిగువకు కదిలినట్టు కూడా కురిపించగలిగేవారు. ఒకే మొత్తం వాన కదిలే దిక్కును బట్టి గరిష్ఠ ప్రవాహం మారుతుంది. ఫ్రీక్వెన్సీ లెక్క ఒక్కదానితో సరిపెట్టుకోకపోవడానికి ఇదీ ఒక కారణం.

రెండో లెక్క: కాలువలో నీరు

మట్టి కాలువ. అడుగు వెడల్పు 6 మీటర్లు, పక్క వాలు 1.5కు 1 (అడ్డంగా 1.5, నిలువుగా 1), అడుగు వాలు 0.0004, అంటే కిలోమీటరుకు 40 సెంటీమీటర్లు. ప్రవాహం 20 క్యూమెక్కులు, సుమారు 700 క్యూసెక్కులు. నీరు ఎంత లోతున పారుతుంది?

ముందు ఎన్ తేల్చాలి. జవాబు మంచీ చెడ్డా దీని చేతిలోనే ఉంది. చౌ పుస్తకంలో కాలువల రకాలకు కనిష్ఠ, సాధారణ, గరిష్ఠ విలువల పట్టికా, అసలు కాలువల ఫోటోలూ ఉన్నాయి. పట్టికలో మధ్య అంకె తీసి వాడేయడం కంటే, ఆయన అక్కడే వివరించిన కోవన్ కూడిక (ఒక్కో కారణానికి కొంత చొప్పున కలుపుతూ ఎన్ కట్టే పద్ధతి) నయం. మట్టికి 0.020 వేయండి, కోసిన రాతికైతే 0.025. గట్ల ఎగుడుదిగుళ్లు కొద్దిగా ఉంటే 0.005, ఓ మోస్తరైతే 0.010, బాగా విరిగిపడి ఉంటే 0.020 కలపండి. కాలువ అడ్డుకోత అక్కడక్కడా మారుతుంటే 0.005. దుంగలు, బండలు కొద్దిగా అడ్డుంటే 0.010 నుంచి 0.015. గడ్డి తక్కువైతే 0.005 నుంచి 0.010, మధ్యస్థమైతే 0.025 దాకా, ఎక్కువైతే 0.050 దాకా. చివర మొత్తాన్ని వంకరకు గుణించాలి: పెద్దగా వంకరలు లేకపోతే 1.0, చెప్పుకోదగ్గవైతే 1.15, మరీ మెలికలు తిరిగితే 1.30.

మన కాలువకు గట్లు కాస్త ఎగుడుదిగుడు, గడ్డి లేదు, వంకర లేదు. 0.020 + 0.005 = 0.025.

ఇప్పుడు మ్యానింగ్ సూత్రం ప్రకారం ఎన్‌ను ప్రవాహంతో గుణించి, వాలు వర్గమూలంతో భాగించండి: 0.025 × 20 ÷ 0.02 = 25. అడ్డుకోత వైశాల్యాన్ని హైడ్రాలిక్ రేడియస్ (వైశాల్యం ÷ తడి చుట్టుకొలత) మూడింట రెండో ఘాతంతో గుణిస్తే ఈ 25 రావాలి. లోతు అనుకుని వేసి చూడడమే దారి. 2.00 మీటర్లకు వైశాల్యం 18, తడి చుట్టుకొలత 13.21, రేడియస్ 1.36, లబ్ధం 22.1, చాలదు. 2.15కు 25.3, కొంచెం ఎక్కువ. 2.13కు 24.9. మధ్యన 2.14 మీటర్లు కుదిరింది. వేగం సెకనుకు 1.02 మీటర్లు.

తడి చుట్టుకొలతలో నీటి పైతలాన్ని కలపకూడదు. వాలు పక్కల పొడవు లోతుతో సమానం కాదు, ఒక్కో పక్కకు లోతు × 1.803 వేసుకోవాలి. అడుగు యూనిట్లలో చేస్తే మ్యానింగ్ సూత్రం ముందు 1.49 ఉండాలి, మీటర్లలో అక్కర్లేదు. ఎన్ మాత్రం రెంటిలోనూ అదే.

గడ్డి కొద్దిగా మొలిచిందనుకోండి. ఎన్ 0.030, లబ్ధం 30 కావాలి, లోతు 2.35. అంటే 0.005 అనే కంటికి ఆనని అంకె నీటిని 21 సెంటీమీటర్లు లేపింది. గట్టుకు ఫ్రీబోర్డు (నీటి మట్టం పైన వదిలే గట్టు ఎత్తు) 60 సెంటీమీటర్లు వదిలి ఉంటే అందులో మూడోవంతు పోయింది. అందుకే కొత్త కాలువకు తవ్విన రోజు ఎన్‌తో వేగం సరిచూడాలి, కోత పడుతుందేమో తెలుస్తుంది. మూడేళ్ల తర్వాతి ఎన్‌తో గట్టు ఎత్తు సరిచూడాలి. రెండూ ఒకే ఎన్‌తో చేసిన డిజైన్ ఏదో ఒక చివర దెబ్బతింటుంది.

క్రిటికల్ లోతు (అంతే ప్రవాహం అతి తక్కువ శక్తితో పారే లోతు) కూడా తీసి పెట్టుకోండి. ప్రవాహాన్ని గురుత్వ త్వరణం వర్గమూలంతో భాగిస్తే 20 ÷ 3.132 = 6.39. వైశాల్యాన్ని (వైశాల్యం ÷ పైవెడల్పు) వర్గమూలంతో గుణిస్తే ఇది రావాలి. 0.96 మీటర్ల దగ్గర వస్తుంది. సాధారణ లోతు (అడ్డంకి లేనప్పుడు నీరు పారే లోతు) 2.14 దానికంటే ఎక్కువ కనుక ఇది మైల్డ్ వాలు. దిగువన గేటు దించి నీటిని 2.14 పైకి లేపితే ఏర్పడే వంపును చౌ పుస్తకంలో ఎం-1 అంటారు. వంపు పేరు ముందు తేల్చుకుంటే లెక్క ఎటు నుంచి ఎటు నడపాలో తెలుస్తుంది. ప్రవాహం సబ్‌క్రిటికల్ (లోతు క్రిటికల్ కంటే ఎక్కువ), కాబట్టి గేటు దగ్గర మొదలుపెట్టి ఎగువకు పోవాలి. ఎగువ నుంచి దిగువకు పోతే చిన్న తప్పు పెరుగుతూ పోయి వంపు ఎటో కొట్టుకుపోతుంది.

గేటు దగ్గర లోతు 3.0 మీటర్లు అనుకుందాం. నీటి మీద గీత అడ్డంగా గీస్తే, 86 సెంటీమీటర్ల లేపు 0.0004 వాలు మీద 2.15 కిలోమీటర్లకు అయిపోవాలి. చాలామంది ఫీల్డులో ఇలాగే అంచనా వేస్తారు. ఇప్పుడు లోతును కొంచెం కొంచెంగా మారుస్తూ అడుగులు వేసి చూడండి. రెండు లోతుల దగ్గరా నిర్దిష్ట శక్తి (లోతు + వేగ శీర్షం, అంటే వేగం వర్గం ÷ గురుత్వ త్వరణానికి రెట్టింపు) తీయండి. ఘర్షణ వాలు కూడా తీయండి: ఎన్ వర్గం × వేగం వర్గం ÷ రేడియస్ మూడింట నాలుగో ఘాతం. అప్పుడు

దూరం = శక్తి తేడా ÷ (అడుగు వాలు − సగటు ఘర్షణ వాలు)

3.0 దగ్గర వేగం 0.635, శక్తి 3.0205, ఘర్షణ వాలు 0.000109. 2.8 దగ్గర శక్తి 2.8250, ఘర్షణ వాలు 0.000143. శక్తి తేడా 0.1956, వాలు తేడా 0.000274, దూరం 713 మీటర్లు. ఇలాగే 2.8 నుంచి 2.6కు 831, అక్కడి నుంచి 2.4కు 1,091, 2.25కు 1,335 మీటర్లు. ఇక్కడికి దాదాపు 4 కిలోమీటర్లు అయింది. 2.25 నుంచి అడుగు చిన్నది చేయండి. 2.20కు 831, 2.16కు 1,273. మొత్తం 6 కిలోమీటర్ల పైచిలుకు. అడ్డగీత చెప్పిన దానికి మూడు రెట్లకు దగ్గర.

చివర్లో అడుగు ఎందుకు తగ్గించాలి? సాధారణ లోతు దగ్గరయ్యేకొద్దీ హారంలోని తేడా సున్నావైపు పోతుంది, చిన్న పొరపాటు పెద్ద దూరమవుతుంది. 3.0 నుంచి 2.16కు ఒకే అంగలో దూకితే 5.26 కిలోమీటర్లు వస్తుంది, 800 మీటర్ల తప్పు. సరిగ్గా 2.14 దాకా పోవాలని పట్టుబట్టకండి. గణితం ప్రకారం వంపు దాన్ని ఎప్పటికీ తాకదు, ఒక శాతం దగ్గర ఆపేయడమే ఆచారం. 1955లో చౌ ఇదే పనికి హైడ్రాలిక్ ఘాతాంకాలతో ఒక పట్టిక పద్ధతి ఇచ్చారు, స్లైడ్ రూలు రోజుల్లో అది ఎంతో పని తగ్గించింది. ఇప్పుడు స్ప్రెడ్‌షీట్ చేతిలో ఉండగా అడుగుల పద్ధతే మేలు, ఎక్కడ తప్పు దొర్లిందో గడి గడికీ కనబడుతుంది.

వరద వైపు మరింత లోతుకు వెళ్లాలంటే, చౌ పోయాక 1988లో ఆయన పేరుతో సహా వచ్చిన అన్వయ హైడ్రాలజీ పాఠ్యపుస్తకం చూడండి. ఇల్లినాయ్‌లోనే డాక్టరేట్ చేసిన మెయిడ్‌మెంట్, మేస్ దానికి సహ రచయితలు.

మళ్లీ మన కాలువకు వస్తే, గేటుకు 3 కిలోమీటర్ల ఎగువన ఒక తూము ఉందనుకోండి. అడ్డగీత ప్రకారం గేటు ప్రభావం అక్కడికి చేరదు. వంపు ప్రకారం అక్కడ లోతు సుమారు 2.36, మామూలుకంటే 22 సెంటీమీటర్లు ఎక్కువ. షట్టరు ముట్టుకోకుండానే తూములోకి నీరు ఎక్కువ పోతుంది, దిగువ ఆయకట్టుకు ఆ మేరకు కోత పడుతుంది. గేటు దించిన రోజున లస్కరు (కాలువ కాపలా ఉద్యోగి) ఆ తూము షట్టరు కూడా దించాలి. కాలువలో గడ్డి పెరిగి ఎన్ 0.030 అయ్యాక ఈ దూరాలేవీ పనికిరావు. సాధారణ లోతే 2.35కు మారింది కనుక గేటు దగ్గర నుంచి లెక్క మళ్లీ వేయాలి.